గోడ దిక్కు తిరిగి వినే టీచరమ్మ

"అమ్మా, దీని కడుపుల బల్బెందుకున్నది?"

మొన్న అమీర్‌పేట ఎన్క గల్లీల ఒక హమాలీ నన్ను అడిగిన మాట ఇది. పంజాగుట్ట మార్కెట్ల తోటకూర, బెండకాయలు తీసుకొని అడ్డదారిన ఇంటికొస్తున్న. ఆ మూడంతస్తుల ఇంటి మెట్ల మీదికెళ్ళి ఐదారుగురు మనుషులు మోకులు కట్టి, పాత బొంతలు చుట్టి, నల్లటి పియానోను దించుతున్నరు. మెట్టు దిగినప్పుడల్ల అది లోపల్నుంచి మూలుగుతున్నది. కిందికి దించినంక మూత తీసి చూస్తే లోపల చిన్న హోల్డరు, దానికి బల్బు, ఎన్కకు వేలాడే వైరు.

"వానకాలం దానికి చలి పెడ్తది నాయనా" అన్న.

ఆయన నవ్విండు. పక్కాయన సుత నవ్విండు. నేను నవ్వలె.

ఆ ఇంట్ల ఉండే పియానో టీచరమ్మ కన్నుమూసి నెల దాటింది. ఆమె తమ్ముని కొడుకు కాకినాడ నుంచి వచ్చి సామాన్లు సర్దుతున్నడు. పియానోను మాసబ్ ట్యాంక్ దిక్కున్న ఒక చర్చికి ఇస్తున్నమని చెప్పిండు. మంచిదే. వాయించేటోళ్ళు లేని ఇంట్ల అది ఉండి ఏం చేస్తది.

నా ఫికర్ పియానోది కాదు, మా మనుమరాలు సహస్రది. ఎనిమిదో తరగతి చదువుతున్నది, ఆమె దగ్గరనే పియానో నేర్చుకున్నది. టీచరమ్మ పోయినప్పటి నుంచి ఇంట్ల కీబోర్డు మీద కప్పిన బట్ట తియ్యలె. వచ్చే నెల సోమాజిగూడల పిల్లల పియానో పోటీ ఉన్నది, పేరు ఎప్పుడో ఇచ్చినం. ఇంకో టీచర్ దగ్గరికి పోదాం బిడ్డా అంటే పోను అంటది. ఎందుకు పోవే అంటే చెప్పది. పిల్ల చెయ్యి ఇట్లనే ఆగిపోతదేమో అని నాకు భయం పట్టుకున్నది.

నేను చదివింది ఐదో తరగతి. సంగీతం సంగతి నాకేం తెల్వదు. కని ఆ మనిషిని నేను చూసినట్టు ఎవ్వరు చూసి ఉండరు. మిగిలిన తల్లులు పిల్లల్ని మెట్ల కాడ దింపి పోతుండ్రి. నేను పోకపోతుంటి. పోయి మళ్ళ వచ్చుడు ఆటోకు దండుగ గద. ఆడనే మూలకు కూసొని చిక్కుడుకాయ ఒలుచుకుంట ఉండేదాన్ని. అట్ల కూసొని కూసొని చూసినయే ఇవన్ని.

మొదటిసారి పోయిన్నాడు నాకు ఇష్టమే లేకుండె. అంతా మా కోడలి పట్టు. "అత్తమ్మా, స్కూల్ల మేడమ్ చెప్పింది, మన సహస్రకు స్వరం మస్తు తొందరగ తెలుస్తదట" అన్నది. తెలిస్తే తెలిసింది, హార్మోనియం నేర్పియ్యి అన్న. హార్మోనియం అయితే వాయించుకొని మంచం కిందికి తోసెయ్యొచ్చు. ఇది గోడంత ఉంటది, దీనికి ఇంట్ల జాగ ఎక్కడిది?

ఆ ఇంటి కింద కంప్యూటర్ కోచింగ్. మెట్ల కాడ నిలబడి కాయితాలు పంచుతుంటరు. నా తెల్ల వెంట్రుకలు చూసి సుత ఒకటి చేతుల పెడ్తరు. తీసుకుంట. ఎన్క దిక్కు ఖాళీ ఉంటది గద, సరుకులు రాసుకోవచ్చు. అట్ల కాయితం పట్టుకొని రెండో అంతస్తు ఎక్కితే తలుపు తీసింది ఆమె. సన్నటి మనిషి. ఇస్త్రీ నేతచీర, మోచేతుల దాకా జాకెట్టు, మొగోళ్ళ వాచీ, కాళ్ళకు గుడ్డ బూట్లు. చీర మీద బూట్లేంది, అదీ ఇంట్ల, అని నా మొఖంల కనబడ్డదేమో.

"పెడల్ తొక్కాలండీ, వదినగారూ. చెప్పులైతే జారిపోతాయి, ఉత్త కాళ్ళయితే చెమట పడతాయి" అన్నది. ఆ బూట్ల అడుగు అరిగి అరిగి కాయితమైంది. కొత్తవి కొనదు. నాకు ఆ మనిషి మీద మొదటి గురి ఆడనే కుదిరింది.

"ఫ్యాను వెయ్యమంటారా? వేస్తే మాత్రం నాకు సరిగ్గా వినపడదండి."

"వద్దమ్మా, ఫ్యాను లేకుంటనే హాయి" అన్న. కరెంటు మిగుల్తదని నా సంతోషం.

కని ఆ సంతోషం వానకాలం దాకనే. ఒకరోజు పోతే పియానో సందుల నుంచి పచ్చగ వెలుతురొస్తున్నది. మనిషి లేని కాడ బల్బు ఎలుగుతుంటే నా కండ్లు ఓర్వవు. లేచి స్విచ్ దాకా పోయిన.

"అయ్యో, తియ్యకండి వదినగారూ! తేమకి లోపలి చెక్క ఉబ్బుతుంది, వాయించే మెట్లు అంటుకుపోతాయి. దానికి చలండి, పాపం."

పాపమంట! పగలు రాత్రి ఎలిగితే బిల్లెంతొస్తదో ఆ పాపం నాది. ఎండకాలమొస్తే మళ్ళ దాని అడుగున గిన్నెల నీళ్ళు పెట్టేది, చెక్క పగుల్తదని. చంటిపిల్లను సుత అంత కనిపెట్టుకొని చూడరు. చలికాలం పిల్లలు రాంగనే గోరువెచ్చటి నీళ్ళల్ల చేతులు ముంచిపిచ్చేది. గోర్లు చూసేది. గోరు మెట్టుకు తాకి చప్పుడైతే ఆమెకు పన్ను జివ్వుమన్నట్టు అయ్యేది.

దసరాకు మేమందరం పసుపు కుంకుమ పట్టుకొని పోయినం. ఆటోకు పూజ చేస్తం, కుట్టు మిషన్‌కు చేస్తం, దీనికి చెయ్యకుంటే ఎట్ల? ఒకామె కొబ్బరికాయ కొట్టబోయింది. టీచరమ్మ రెండు చేతులడ్డం పెట్టింది.

"అమ్మా తల్లీ, కొబ్బరినీళ్ళు లోపల పడితే మీ దేవుడికీ, నా దేవుడికీ ఇద్దరికీ కోపం వస్తుంది. కుంకుమ కావాలంటే స్టూలుకి పెట్టండి. అందరి బరువూ మోసేది అదే కదా!"

అప్పటి నుంచి ప్రతి దసరాకు ఆ స్టూలు కాలుకు నేనే బొట్టు పెడుతుంటి.

ఇగ అసలు సంగతి. పిల్లలు వాయించేటప్పుడు ఆమె వాళ్ళ దిక్కు చూడదు. కుర్చీ గోడ దిక్కు తిప్పుకొని, పిల్లలకు వీపు పెట్టి కూసుంటది. తెల్లటి గోడ. పటం లేదు, కేలెండర్ లేదు. మేకు కొట్టిన గుర్తు ఒక్కటి ఉంటది. దాన్నే చూసుకుంట వింటది.

"ఇదేం పద్ధతమ్మా?" అని అడిగిన.

"చూస్తే పిల్ల ముద్దుగా కనపడుతుంది వదినగారూ. ముద్దుగా ఉన్న పిల్ల ఏం వాయించినా బావున్నట్టే ఉంటుంది. చెవి ఒక్కటే ఉంటే మొహమాటం ఉండదు."

తప్పు అనే మాట ఆమె నోటెంట నేను వినలె. "మళ్ళీ" అంటది. కోపం లేదు, విసుగు లేదు. ఇంకొంచెం అన్నం పెట్టనా అన్నట్టే "మళ్ళీ". శభాష్ సుత లేదు. మస్తు బాగుంటే వెనక్కి తిరిగి చూస్తదట. అట్ల చూసిందని పాత పిల్లలు చెప్పుకునేటోళ్ళు. నేను ఉన్నన్ని రోజులల్ల ఎవ్వరికి తిరగలె.

ఒకసారి చూసిన దానికి ఇప్పటికీ నాకు ఒళ్ళు ఝల్లుమంటది. కొత్త పాట మొదలుపెట్టే ముందు పియానో మెట్ల మీద మూత వేసి, ఆ మూత మీద వాయించుమనేది. సప్పుడు ఉండదు, ఉత్త చెక్క మీద వేళ్ళ టకటక అంతే. సహస్ర అట్లనే వాయిస్తున్నది. నాకైతే పొయ్యి కాడ ఎవరో మినుములు ఏరుతున్నట్టు వినబడ్డది. ఆమె గోడ దిక్కే కూసొని, ఎన్కకు తిరుగకుంట అన్నది: "నాలుగో వేలు తొందరపడిందమ్మా."

సహస్ర నా దిక్కు చూసింది. నేను సహస్ర దిక్కు చూసిన. పాటే లేని కాడ తప్పు ఎట్ల వినబడ్డది ఈ మనిషికి?

బయట పెండ్లి బారాత్ బ్యాండు పోతుండొచ్చు, బోనాల డప్పులుండొచ్చు, కోచింగ్ పిలగాండ్లు మెట్ల మీద లొల్లి పెట్టొచ్చు. పిల్లలు ఆగుతరు. ఆమె ఆగనియ్యదు. "దాన్ని వెళ్ళనీ. నువ్వుండు" అంటది. ఇంట్ల కోడలికి, నాకు మాట పెరిగినప్పుడు నేను సుత మనసుల అదే అనుకునేదాన్ని. దాన్ని వెళ్ళనీ, నువ్వుండు. మస్తు పనికొచ్చింది.

పోయిన చలికాలం మాస్టర్ క్లాస్ అని ఒకటి పెట్టిండ్రు, సోమాజిగూడల చిన్న హాలుల. అంటే ఏందో నాకు తెల్వకుండె. చెన్నైల ఉండే తెలుగాయన, విదేశాలల్ల చదువుకొని వచ్చినోడు, పిల్లలు వాయిస్తుంటే అందరి ముందట నిలబెట్టి దిద్దుతడట.

"మంది ముందట తిట్టిచ్చుకునేటందుకు అంత దూరం పోవాల్నా? ఇంట్ల నేను లేనా?" అన్న.

"తిట్టరండీ, వదినగారూ. ఇంకో చెవి. నా చెవికి అలవాటైపోయినవి కొన్ని ఉంటాయి కదా" అన్నది టీచరమ్మ. ఆ రోజు హాలుల ముందు వరుసల కూసున్నది, అదే బూట్లు, అదే వాచీ.

సహస్ర స్టేజీ మీద వాయించింది. ఆయన చిన్న వయసోడే, మర్యాదస్తుడు. మధ్యల చెయ్యి ఎత్తి ఆపిండు.

"చాలా బాగుంది. కానీ ఇక్కడ చెయ్యి ఎందుకు లేపుతున్నావ్? ఇది ఒకటే మాట. మాట మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు తెగిపోతోంది."

సహస్ర మళ్ళ వాయించింది. మళ్ళ చెయ్యి లేచింది. ఇంకోసారి. మళ్ళ లేచింది.

"లేపమని ఎవరైనా చెప్పారా?"

పిల్ల తల వంచుకున్నది. ఎవరి పేరు చెప్తది? కండ్లల్ల నీళ్ళు. నేను కుర్చీల ముందుకు జరిగిన. ఏమనాల్నో తెల్వది, లేచి ఏదో ఒకటి అనాలనే ఉన్నది.

నాకంటే ముందు టీచరమ్మ లేచింది.

"నేనేనండీ. నేను నేర్పాను."

ఆయన మొఖం ఎర్రబడ్డది. "అయ్యో మేడమ్, నేను ఆ ఉద్దేశంతో..."

"మీ ఉద్దేశం సరిగ్గానే ఉంది. చిన్నప్పుడు మా టీచర్ లేపమంది, నేను లేపాను, వీళ్ళందరి చేతా లేపించాను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. తప్పు పాపది కాదు. నాకు చూపించండి."

అనుకుంటనే స్టేజీ మెట్లెక్కింది. సహస్రను స్టూలు మీద నుంచి లేపి, స్టూలు పక్కలున్న చక్రం తిప్పి తన ఎత్తుకు సరిచేసుకొని కూసున్నది. ముందర తన దగ్గర నేర్చుకునే పిల్లలు, వాళ్ళ తల్లులు, తండ్రులు. పక్కన మనుమడి వయసాయన. వాయించింది. చెయ్యి లేచింది. జీవితమంత లేపిన చెయ్యి, ఊకుంటదా?

"మేడమ్, పర్వాలేదు..."

"పర్వాలేదు కాదండీ. మళ్ళీ."

ఆ "మళ్ళీ" తనకు తానే చెప్పుకున్నది. మళ్ళ లేచింది. ఆయన తన వేళ్ళతోని చూపిచ్చిండు. ఆమె వంగి, కండ్లద్దాలు సరిచేసుకొని, బడికి మొదటిరోజు పోయిన పిల్లలెక్క చూసింది. మళ్ళ వాయించింది. ఎన్నిసార్లో. ఒకసారి చెయ్యి లేవలె. పాట అట్లనే పారింది, ఆ కాడ గండి పడకుంట. నాకు సుత తెలిసింది, సంగీతం తెల్వని నాకు సుత. నా చేతులు ఒళ్ళె నుంచి లేచి ఎప్పుడు జోడించుకున్నయో నాకే తెల్వది.

"ఆఁ, ఇదన్నమాట" అన్నది ఆమె. సిగ్గు లేదు, బాధ లేదు. పోగొట్టుకున్న చెవికమ్మ దొరికినట్టు మొఖం వెలిగింది. సహస్ర చెయ్యి పట్టుకొని స్టూలు మీద కూసోబెట్టి, కిందికి దిగి, తన ప్లాస్టిక్ కుర్చీని ఎన్క గోడ దిక్కు తిప్పుకొని కూసున్నది. అంత మంది ఉన్న హాలుల, అందరి మొఖాలకు ఎదురుంగ! కొందరు నవ్విండ్రు. సహస్ర సుత నవ్వింది. నవ్వుకుంటనే వాయించింది.

నా పక్కన కూసున్న తల్లి నా చెవుల గుసగుస పెట్టింది: "చూసిండ్రా ఆంటీ? ఆమెకే రాదట. మన పిల్లలకేం నేర్పుతది?"

"ఆ వయసుల, తన పిల్లల ముందట, నాకు రాదు నేర్పియ్యమని అడిగినోళ్ళను నువ్వెక్కడన్న చూసినవా?" అన్న.

"అది వేరే సంగతి ఆంటీ..."

"అదే సంగతమ్మా" అన్న.

ఆమె పిల్లను మానిపిచ్చింది. ఇంకొందరు మానిపిచ్చిండ్రు. మా కోడలు సుత ఇంట్ల ఎత్తుకున్నది, ఏసీ ఉన్న పెద్ద సంగీతం ఇస్కూలు ఒకటున్నది, ఆడ సర్టిఫికెట్లిస్తరని. "టీచరమ్మ ఉన్నన్ని రోజులు పిల్ల ఆమె దగ్గరికే పోతది" అన్న.

తర్వాత నేను చూసింది చెప్తే నమ్మరు. ఆ మాస్టర్ క్లాస్ అయినంక ఆమె పాత పిల్లలకందరికి ఫోన్లు చెయ్య మొదలుపెట్టింది. వీళ్ళనడిగి వాళ్ళ నంబరు, వాళ్ళనడిగి ఇంకొకరిది. పిల్లల పాఠాల నడుమ ఖాళీ దొరికితే సాలు, స్పీకర్ పెట్టి అదే పని. నేను చిక్కుడుకాయ ఒలుచుకుంట వింటుంటి.

"బాబూ, నేనురా, పియానో టీచర్ని. నేనందరికీ నేర్పే ఆ పాటలో, మూడో వరుసలో చెయ్యి లేపమని నీకు నేర్పాను కదా? అది తప్పురా. లేపకూడదు. ఇక లేపకు."

ఆడి నుంచి బిత్తరపోయిన గొంతు: "టీచర్! నేను మానేసి చాలా ఏళ్ళయిందండీ. ఇప్పుడు ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నాను."

"మానేస్తే మానేశావు. తప్పుగా గుర్తుండిపోకూడదు కదా. ఉంటాను మరి, పేషెంట్లను చూసుకో."

ఫోన్ పెట్టేసి ఇంకొకరికి కలిపేది. నాకు ఉండబట్టలె. "ఎవ్వలు యాదికి పెట్టుకుంటరు టీచరమ్మా? ఎందుకు గీ తిప్పలు?"

ఆమె నా దిక్కు తిరిగింది. "వాళ్ళలో ఒక్కరైనా ఇంకొకరికి నేర్పి ఉంటేనో, వదినగారూ?"

మనం ఒక మాట తప్పు చెప్తే అది ఎక్కడి దాకా పోతదో అని నా జన్మల నేను ఆలోచన చెయ్యలె. ఆమె దాని ఎన్క ఊరూరు తిరిగొస్తున్నది, కుర్చీలనే కూసొని.

ఇంకో దిక్కు తన చెయ్యి తన మాట వినకపోతుండె. ఆదమరిస్తే లేచేది. సహస్రను పక్కన నిలబెట్టుకొని, "నా మణికట్టు మీద వేలు పెట్టు. లేస్తే చెప్పు" అనేది.

"టీచర్, లేచింది."

"లేచిందా? మళ్ళీ."

మా పిల్ల మొదట భయపడ్డది. తర్వాత అలవాటైంది. ఎండకాలం వచ్చేటప్పటికి ఇద్దరి చేతులు లేచుడు మానినయ్. ఆ రోజు ఇద్దరికి నేను ఇంటి నుంచి సకినాలు తీసుకపోయిన. నూనె ఖర్చు చూడలె.

వానలు మొదలైనంక ఒక పొద్దున ఫోన్ వచ్చింది. టీచరమ్మ నిద్రలనే పోయిందట. సహస్రను తీసుకొని పోయిన. ముందు గదిల ఆమెను పండబెట్టిండ్రు. పక్కన పియానో సందుల నుంచి పచ్చగ వెలుతురు వస్తనే ఉన్నది. పొద్దంత ఆ స్విచ్ పక్కనే కూసున్న. నా చెయ్యి దాని మీదికి పోలె.

మొన్న పియానో బండి ఎక్కినంక ఇంటికొచ్చిన. సహస్ర బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నది. "పియానో చర్చికి పోయింది బిడ్డా" అని చెప్పిన. అప్పుడు ఏడ్చింది, అన్ని రోజులు ఆపుకున్నది ఒక్కసారే.

ఏడ్చినంక అసలు మాట బయటికొచ్చింది. "నానమ్మా, ఇంకో టీచర్ దగ్గరికి పోతే ఫస్ట్ డేనే ఇది రాంగ్, అది రాంగ్ అంటరు. ఎవరు నేర్పిండ్రు నీకు అంటరు. మా టీచర్ నేర్పింది తప్పని ఎవరన్న అంటే నేను వినను."

ఇదా సంగతి అనుకున్న. బడాయి కాదు, బద్ధకం కాదు. ఆమె మీద మాట రానియ్యొద్దని పిల్ల చెయ్యి ముడుచుకొని కూసున్నది.

"అంటరు. అనకుంట ఉంటరా?" అన్న. "ఆ రోజు ఆమె ముందటనే అన్నరు గద. మంది ముందట అన్నరు. ఆమె ఏం చేసింది?"

సహస్ర మొఖం తుడుచుకున్నది.

"చెప్పవే. పక్కన నిలబడ్డది నువ్వే గద. ఏమన్నది?"

సన్నటి గొంతుతోని అన్నది: "నాకు చూపించండి అన్నది."

లేచి ఫ్యాను బంద్ చేసిన. కరెంటు కోసం కాదు. కుర్చీ గుంజుకపోయి గోడ దిక్కు తిప్పుకొని, పిల్లకు వీపు పెట్టి కూసున్న. మా గోడకు కేలెండర్ ఉన్నది, అది తీసి కింద పెట్టిన.

కింద కూరగాయల బండోడు అరుసుకుంట పోయిండు. తర్వాత ఎన్క బట్ట తీసిన చప్పుడైంది. స్విచ్ చప్పుడైంది.

వాయించింది. నెల రోజుల చెయ్యి గద, మొదట తడబడ్డది. మూడో వరుస కాడికి వచ్చింది. పాట తెగలె, అంటే చెయ్యి లేవలె. అట్లనే పారుకుంట పోయింది. మా టీచరమ్మ అంత మంది ముందట కూసొని తెచ్చిచ్చినది మా ఇంట్ల, మా కీబోర్డు మీద పోతున్నది.

పాట అయిపోయింది. ఎన్కకు తిరిగి పిల్ల మొఖం చూడాలని నా మెడ గుంజుతున్నది. తిరగలె.

"మళ్ళీ" అన్న.